ఆనందీబాయి జోషీ: ఓడ ఎక్కే ముందు

మా ఇంట్లో రెండు భాషలు. అవ్వతో, అమ్మతో తెలుగు. తమ్ముడితో, వీధిలో మరాఠీ. మా ముత్తాత మగ్గం పని కోసం తెలంగాణ నుంచి షోలాపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అందుకే ఆనందీబాయి జోషీ కథ నాకు మొదట మరాఠీలోనే తెలిసింది. 2019లో వచ్చిన ‘ఆనందీ గోపాళ్’ సినిమా మనలో చాలామంది చూసే ఉంటారు. ఆమె గురించి మన గోడపత్రికలో తెలుగులో రాయాలనిపించింది. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది చివర చెప్తాను.

ఆనందీబాయి 1865 మార్చి 31న పుట్టింది. పుట్టింటి పేరు యమున. కళ్యాణ్‌లో భూములున్న కుటుంబం వాళ్ళది. తొమ్మిదేళ్ళకే పెళ్ళి చేశారు. భర్త గోపాలరావు జోషీ తపాలా శాఖలో గుమాస్తా, ఆమెకంటే దాదాపు ఇరవై ఏళ్ళు పెద్ద. ఆనంది అనే పేరు పెట్టింది ఆయనే. భార్య చదవాలన్నది ఆయన పట్టు. ఆ రోజుల్లో అది పెద్ద మాటే. కానీ ఆ పట్టులో దెబ్బలు కూడా ఉన్నాయి. పుస్తకం వదిలి వంటింట్లో కనిపిస్తే చెయ్యి చేసుకునేవాడు. చదువు చెప్పించిన మనిషీ ఆయనే, కొట్టిన మనిషీ ఆయనే. ఇందులో ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం నాకు ఇష్టం లేదు.

పద్నాలుగేళ్ళకు ఆమెకు కొడుకు పుట్టాడు. సరైన వైద్యం అందక పది రోజులకే పోయాడు. డాక్టర్ కావాలన్న ఆలోచన అక్కడే మొదలైంది. మగ డాక్టరుకు చూపించుకోలేక ఎంతమంది ఆడవాళ్ళు నొప్పిని లోపలే దాచుకుంటున్నారో ఆమెకు తెలుసు.

1880లో గోపాలరావు, భార్య చదువుకు సాయం కావాలని అమెరికాలోని ఒక మిషనరీకి ఉత్తరం రాశాడు. మతం మారితే చూస్తామన్నట్టు జవాబు వచ్చింది. వీళ్ళు ఒప్పుకోలేదు. ఆ ఉత్తరాలు మాత్రం అక్కడి పత్రికలో అచ్చయ్యాయి. న్యూజెర్సీ రాష్ట్రం రోజెల్ ఊళ్ళో ఉండే థియోడీషియా కార్పెంటర్ అనే ఆమె పళ్ళ డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చుని ఆ పత్రిక తిరగేసింది. ముక్కూ మొహం తెలియని ఆనందికి తనే ఉత్తరం రాసింది. అట్లా మొదలైన స్నేహం చివరిదాకా నిలిచింది.

గోపాలరావుకు బదిలీ మీద బదిలీ. చివరికి కలకత్తా, అక్కడి నుంచి దగ్గర్లోని శ్రీరాంపూర్. ఆనంది ఒక్కతే అమెరికా వెళ్తుందని తెలిసేసరికి ఊరంతా మాటలు. ఆమె ఇంట్లో దాక్కోలేదు. 1883 ఫిబ్రవరిలో శ్రీరాంపూర్ కాలేజీ హాలులో జనం ముందు నిలబడి ఇంగ్లీషులో మాట్లాడింది. అప్పటికి ఆమెకు ఇంకా పద్దెనిమిది నిండలేదు. నలుగురూ అడుగుతున్న ప్రశ్నలను ఆరుగా విడగొట్టి ఒక్కోదానికి జవాబు చెప్పింది.

అమెరికాకే ఎందుకు? ఈ దేశంలో చదువు లేదా? ఒంటరిగా ఎందుకు? తిరిగొస్తే కులంలోంచి వెలివెయ్యరా? అక్కడ ఏదైనా కీడు జరిగితే ఏం చేస్తావు? ఆడవాళ్ళెవరూ చెయ్యని పని నువ్వెందుకు చెయ్యాలి?

మన ఆడవాళ్ళకు ఆడ డాక్టర్లు కావాలి, అందుకే వెళ్తున్నానంది. ఇక్కడ ఆడపిల్ల పుస్తకాలు పట్టుకుని వీధిలో నడిస్తే వెనక నవ్వులు, మాటలు ఉంటాయని, తను పడ్డదే చెప్పింది. భర్త మీద ముసలి తల్లి, చిన్నవాళ్ళ భారం ఉంది, ఇద్దరు వెళ్ళేంత డబ్బూ లేదు కాబట్టి ఒక్కతే వెళ్తున్నానంది. తన కట్టు, తిండి, ఆచారం మార్చుకోనని, హిందువుగానే వెళ్ళి హిందువుగానే వస్తానని, వెలివేసేవాళ్ళు ఇప్పుడే వెయ్యొచ్చని నిలబడి చెప్పింది. కీడుకు భయపడి మంచి పని మానుకోకూడదని, పదిమందికి పనికొచ్చేదైతే ఇంతకుముందు ఎవరూ చెయ్యలేదన్నది అడ్డు కాదని ముగించింది. ఆ ప్రసంగం పేపర్లలో వచ్చాక చందాలు వచ్చాయి. వైస్రాయి కూడా 200 రూపాయలు పంపాడు.

ఆ ఏప్రిల్‌లో కలకత్తాలో ఓడ ఎక్కి జూన్‌లో న్యూయార్క్‌లో దిగింది. కార్పెంటర్ ఆమెను ఇంటిమనిషిలా చూసుకుంది. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చదువు మొదలుపెట్టినప్పుడు ఆనందికి వయసు 18. అప్పటి ఒక ఫోటో ఉంది. చీరలో ఆనంది, కిమోనోలో జపాన్ నుంచి వచ్చిన కెయికో ఒకామీ, సిరియా నుంచి వచ్చిన సబాత్ ఇస్లాంబూలీ. ముగ్గురూ డాక్టర్లు కావడానికి దూరం నుంచి వచ్చినవాళ్ళే. ఆనంది మాట తప్పలేదు, శాకాహారమే తింది, చీరే కట్టింది.

1886 మార్చి 11న పట్టా అందుకుంది. హిందువుల్లో ప్రసవ వైద్యం గురించి పరిశోధన వ్యాసం రాసింది. పట్టా ఇచ్చే రోజు చూడడానికి పండిత రమాబాయి వచ్చింది. విక్టోరియా రాణి అభినందన పంపింది. కొల్హాపూర్ సంస్థానం తమ ఆల్బర్ట్ ఎడ్వర్డ్ ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు ఆమెకు అప్పగించింది.

ఆ వార్డులో ఆమె పని చెయ్యనేలేదు. 1886 చివర తిరిగొచ్చేసరికే క్షయ ముదిరింది. 1887 ఫిబ్రవరి 26న పుణేలో కన్నుమూసింది. ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. ఆమె చితాభస్మాన్ని కార్పెంటర్‌కు పంపితే, అమెరికాలో తమ కుటుంబ శ్మశానంలో ఉంచి రాయి నాటించింది.

ఇదంతా చదివాక నాకు ఒకటే తొలుస్తోంది. వెలి గురించి అంత భయపెట్టారు కదా, తిరిగొచ్చినప్పుడు ఆమెకు ఘనంగా స్వాగతం చెప్పారు. ఆమెను తీసుకెళ్ళింది జబ్బు. ఓడ ఎక్కకముందు నుంచే తలనొప్పి, జ్వరం, ఆయాసం ఉండేవి. కార్పెంటర్ అమెరికా నుంచి మందులు పంపినా తగ్గలేదు. పైగా అక్కడి చలి, అలవాటు లేని తిండి. ఆ ఆరు ప్రశ్నల్లో కులం ఉంది, పరువు ఉంది, ఒంటరితనం ఉంది. నీ ఒళ్ళు ఎట్లుంది అని విడిగా ఒక్క ప్రశ్న లేదు. ఆడపిల్ల బయటికి వెళ్తుందంటే నలుగురికీ గుర్తొచ్చేవి ఆ మొదటివే. ఆమె కూడా వాళ్ళకు జవాబు చెప్పడంలో పడి ఆ ఏడో ప్రశ్న తనను తాను గట్టిగా అడుక్కోలేదేమో.

ఇప్పుడు ఆ ఇంకో కారణం. డిగ్రీ అయ్యాక జర్మనీలో పైచదువు చదవాలని నాకుంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నాయిన టవల్ కార్ఖానాలో పని చేస్తాడు. అవ్వ ఏం అడుగుతదో నాకు ఇప్పుడే తెలుసు: పెళ్ళి సంగతేంది, అప్పు ఎవరు కడతరు, తోడు ఎవరు, మళ్ళీ వస్తవా రావా. వీటికి జవాబులు ఒక కాగితం మీద రాసుకున్నాను. అప్పు దగ్గర లెక్క ఇంకా కుదరలేదు. కింద ఏడోది కూడా రాసుకున్నాను. చిన్నప్పటి నుంచి చలికాలమొస్తే నాకు ఆయాసం. ముందు డాక్టరుకు చూపించుకోవాలి, ఆ మాట దాచకుండా ఇంట్లో చెప్పాలి.

మా అమ్మ తెలుగు మాట్లాడుతది కానీ చదవలేదు, ఆమె చదివింది మరాఠీ బడిలో. అందుకే ఇంట్లో చెప్పకముందే ఈ గోడ మీద రాసే ధైర్యం చేశాను. ఈ ఆదివారం బీడీలు చుట్టడం అయ్యాక, అమ్మనూ అవ్వనూ కూర్చోబెట్టి ఇదంతా పైకి చదివి వినిపిస్తాను. ఏమన్నారో సోమవారం క్లాసులో చెప్తాను.

– బి.ఏ. ద్వితీయ సంవత్సరం