చెవిటి పంతులుగారి నక్షత్రయానము

కాన్‌స్టంటిన్ త్సియోల్కోవ్‌స్కీ 1857వ సంవత్సరమున రష్యాలోని ఇజెవ్‌స్కోయె గ్రామమున జన్మించెను. సుమారు పదియవ యేట జ్వరము సోకి వినికిడి చాలవఱకు పోగా బడిచదువు సాగదయ్యెను. పదునాఱవ యేట మాస్కో చేరి, నల్లరొట్టెతో కడుపు నింపుకొనుచు, గ్రంథాలయమున గణితము, భౌతికశాస్త్రము స్వయముగ నేర్చెను. పిదప బొరోవ్‌స్క్, కలూగా పట్టణములలో లెక్కల పంతులయ్యెను. తాను చేసికొనిన రేకు గొట్టములను చెవి కానించుకొని ఎదుటివారి మాటలు వినెడివాడు. ఆ తరగతిలో అల్లరి యెంత సాగెనో మే మూహింపగలము!

రాకెట్టుచే అంతరిక్షమున కేగు విధమును 1903లో గణితపూర్వకముగ ప్రకటించెను. సూర్యుడు ఏనాటికైన నాఱిపోవును గాన మానవులు అన్యసూర్యుల చెంతకు తరలవలెననియు, ఆ దీర్ఘయానమున ఓడయందే తరములు పుట్టి గిట్టవలెననియు ఆయన తలంపు.

అయితే ఆయన సూత్రమే దారి కడ్డు నిలిచినది. వేగమును సమానముగ కూడుచు పోయినకొలది రాకెట్టు బరువు రెట్లుగ హెచ్చవలయును. 1977లో బయలుదేరిన వాయేజర్-1 సెకనునకు సుమారు 17 కిలోమీటర్లు పోవుచున్నను, మనకు మిక్కిలి సమీపమున నున్న నక్షత్రమంత దూరము గడచుటకు 70 వేల యేండ్లకు పైగా పట్టును. పోవలసిన కారణము మాకు విశదమే. పోవు సాధనమే యింకను కానరాదు.

ఒక్క రాకెట్టునైన నెగురవేయకయే ఆయన 1935లో కలూగాలో మరణించెను. ఆయన శతజయంతి వత్సరమగు 1957లో ఆ దేశమువారు మొదటి కృత్రిమోపగ్రహమును ఆకాశమున కంపిరి.