చూపు లేని ద్రష్ట – లియొనార్డ్ ఆయిలర్

గణితశాస్త్రం చదివే విద్యార్థులలో లియొనార్డ్ ఆయిలర్ పేరు విననివారు అరుదు. ఆయన 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. కుమారుడు కూడ ఆ వృత్తినే చేపట్టాలని ఆశించాడు. బాలుని ప్రతిభను గుర్తించిన గణితవేత్త యోహాన్ బెర్నూలీ తండ్రిని ఒప్పించి, అతనిని గణితం వైపు మళ్ళించాడు. 1727లో ఆయిలర్ రష్యా వెళ్ళి సెయింట్ పీటర్స్‌బర్గ్ విజ్ఞాన పరిషత్తులో చేరాడు. 1738 ప్రాంతంలో కుడికంటి చూపు పోయింది. 1741లో బెర్లిన్ చేరి, ఇరవై ఐదేళ్ళు అక్కడ పనిచేశాడు.

1750లో మిత్రుడు గోల్డ్‌బాఖ్‌కు వ్రాసిన లేఖలో ఆయన ఒక చక్కని సూత్రాన్ని తెలిపాడు. రంధ్రాలు లేని సామాన్య ఘనాకృతులలో శీర్షాల సంఖ్యకు ముఖాల సంఖ్యను కలిపితే, అంచుల సంఖ్య కంటె రెండు ఎక్కువ వస్తుంది. చతుర్ముఖికి 4 శీర్షాలు, 4 ముఖాలు, 6 అంచులు. ఘనానికి 8, 6, 12. త్రిభుజ పట్టకానికి 6, 5, 9. చతురస్ర పిరమిడ్‌కు 5, 5, 8. ఆకృతులు వేరైనా అన్నింటికీ నియమం ఒక్కటే. ఆయన ఇచ్చిన నిరూపణలోని లోపాన్ని అధిగమించి, 1794లో లెజాండ్ర్ సమగ్రమైన నిరూపణ ఇచ్చాడు.

విమానపు రెక్క చుట్టూ సాగే గాలిని నేడు కంప్యూటర్ తెరపై చూపవలెనన్నా ఈ నాలుగు ఆకృతులే ఆధారం. ఆ ప్రదేశాన్నంతా చిన్న చిన్న గదులుగా విభజిస్తారు. రెక్కను అంటి పట్టకాలను, దూరంగా చతుర్ముఖులను పేర్చడం పరిపాటి. ఘనాలను చతుర్ముఖులతో కలపడానికి పిరమిడ్ వారధి. దానికి చతురస్ర ముఖమూ, త్రిభుజ ముఖాలూ రెండూ ఉన్నాయి గదా! ప్రతి బిందువు స్థానాన్ని ఒక్కసారే వ్రాసి, ప్రతి గదికి దాని జాతిని, బిందువుల సంఖ్యలను వరుసగా నమోదు చేస్తారు. నాలుగు బిందువులని మాత్రమే చెబితే అది చదునైన చతుర్భుజమో, చతుర్ముఖియో యంత్రానికి తెలియదు. అందుకే వి.టి.కె. అనే సాఫ్ట్‌వేర్‌లో చతుర్ముఖికి 10, ఘనజాతికి 12, పట్టకానికి 13, పిరమిడ్‌కు 14 అని సంకేతాలున్నాయి. బిందువుల వరుస తప్పితే గది మెలిపడి, చిత్రం అబద్ధమాడుతుంది.

ఆకృతులకు ఇంతటి క్రమాన్ని చూపిన ఆయిలర్ 1766లో పీటర్స్‌బర్గ్‌కు తిరిగి వచ్చాడు. ఎడమకంటిని శుక్లం కమ్మింది. 1771లో జరిగిన శస్త్రచికిత్సతో చూపు వచ్చినట్లే వచ్చి పోయింది. ఆ ఏడాదే ఇల్లు అగ్నికి ఆహుతైంది. అయినా కుమారులకు, శిష్యులకు చెప్పి వ్రాయిస్తూ, తన రచనలలో దాదాపు సగాన్ని ఆ చివరి సంవత్సరాలలోనే పూర్తిచేశాడు. 1783 సెప్టెంబరు 18న కన్నుమూశాడు.

తెరపై మెరిసే రంగుల చిత్రాన్ని చూచి ముచ్చటపడే విద్యార్థి, దాని వెనుకనున్న లెక్కను కూడ ఒకసారి కన్నులు మూసుకొని తలపోయాలి. ఆయిలర్ పదిహేడేళ్ళు చేసినది అదే.