ద్వారం వెంకటస్వామి నాయుడుగారు

దీపావళినాడు ఇంటింట దీపములు వెలుగుచుండగా, 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, బెంగుళూరునందు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు జన్మించిరి. తండ్రి సైన్యములో ఉద్యోగి. నాయుడుగారు పెరిగినది విశాఖపట్టణమున. దీపముల పండుగనాడు పుట్టిన ఆ బాలునకు కంటివెలుగు మాత్రము చాలినంత లేకపోయెను.

చూపు తక్కువైన పిల్లవానిని గుర్తించుట మనమనుకొన్నంత సులభము కాదు. మొదటినుండియు మసకగా చూచువానికి లోకమే అట్లున్నదని తోచును గాని, తన కన్నులలో కొరత యున్నదని తోచదు. నల్లబల్లమీది అక్షరములు కనబడక ప్రక్కవాని పుస్తకము చూచి వ్రాసికొనును, కన్నులు చికిలించును, పుస్తకమును ముక్కునకు ఆనించి చదువును. పెద్దలు కొందరు వానిని సోమరి యనియు, కొందరు మందమతి యనియు నిందింతురు.

కంటి లోపములలో మిక్కిలి సాధారణమైనదానిని చూడుడు. కనుపాప గుండ లోనికి వచ్చిన వెలుగు వెనుకనున్న నేత్రపటలముపై బొమ్మగా నిలుచును. వింత యేమనగా, ఆ బొమ్మ తలక్రిందులుగా పడును. దానిని సరిగా గ్రహించునది మెదడు. కనుగ్రుడ్డు కొంచెము పొడవైనచో బొమ్మ పటలమునకు ముందే ఏర్పడును, దూరపు వస్తువులు మసకబారును. ఇదియే హ్రస్వదృష్టి. తగిన కండ్లజోడుతో దీనిని దిద్దవచ్చును. పిల్లలు ప్రతిదినము కొంతసేపు ఆరుబయట పగటివెలుగున ఆడుకొనినచో ఈ లోపము వచ్చుట తగ్గునని వైద్యులు కనుగొనిరి.

నేడు బడులలో జరుగు కంటిపరీక్షలు ఆ కాలమున ఎక్కడివి? చూపు చాలనందున నాయుడుగారు బడి మానవలసివచ్చెను. అన్న వెంకటకృష్ణయ్యగారు ఆయనకు ఫిడేలు నేర్పిరి. చూపు బాగుండినచో ఆయన ఏ కచేరీలోనో గుమాస్తా అయియుండెడివారని అనుకొనవచ్చును. కాని బడి మానిన ప్రతి బాలునకును ఫిడేలు నేర్పు అన్న దొరకడు గదా!

వీణకు ఇరువదినాలుగు మెట్లు కలవు. వ్రేలు ఎచ్చట నుంచవలెనో కన్ను చూపగలదు. ఫిడేలునకు మెట్లు లేవు. వ్రేలు వెండ్రుకవాసి జరిగినను స్వరము చెడును. అచ్చట ఎంత వాడియైన చూపును అక్కరకు రాదు. చెవి చెప్పవలెను, వ్రేలు వినవలెను. చూపు తగ్గినవానికి చెవి తనంతట తానే చురుకగునని లోకులందురు. అది సరికాదు. చెవిని నమ్ముకొనువాడు దానితో ఎక్కువ సాధన చేయును. ఆ చురుకుదనము సాధనవలన వచ్చినది. నాయుడుగారు పాశ్చాత్యుల ఫిడేలు వాదనమును సైతము శ్రద్ధగా విని, కమాను నడపుటలో వారి మెలకువలను గ్రహించి, కర్ణాటక సంగీతమునకు అనువుగా మలచుకొనిరి.

1919లో విజయనగరమున మహారాజావారి సంగీతకళాశాల వెలసెను. హరికథాపితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. అచ్చట విద్యార్థిగా చేరబోయిన నాయుడుగారిని, ఆయన వాదనము విని, ఆచార్యునిగనే నియమించిరని ప్రసిద్ధి. నాటికి ఆయనకు ఇరువదియారేండ్లు నిండలేదు. నల్లబల్ల కనబడక చదువు మానిన బాలుడు 1936లో ఆ కళాశాలకే అధ్యక్షుడయ్యెను.

అంతవరకు ఫిడేలు గాయకుని ప్రక్కన కూర్చుండు వాద్యము. 1938లో వెల్లూరునందు నాయుడుగారు దానిని ప్రధానవాద్యముగా నిలిపి కచేరి చేసిరి. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభవారి సంగీతకళానిధి బిరుదమును, 1957లో పద్మశ్రీయు లభించెను. 1952లో భారతదేశమునకు వచ్చిన విఖ్యాత వాయులీన విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ ఆయన వాదనము విని మెచ్చుకొనెను. తెలుగువారు మాత్రము బిరుదములన్నియు ప్రక్కనబెట్టి, ఆయనను ఫిడేలు నాయుడుగారని పిలుచుకొనిరి.

1964 నవంబరు 25న నాయుడుగారు కీర్తిశేషులైరి. 1993లో, ఆయన శతజయంతి సంవత్సరమున, భారత తపాలాశాఖ ఆయన పేర తపాలాబిళ్ల వెలువరించెను.