అనుభవాన్ని ప్రయోగశాలకు తెచ్చిన వరేలా

మెదడులోని విద్యుత్ సంకేతాలను యంత్రం నమోదు చేస్తుంది. ఆ క్షణాన మనిషికి ఏమనిపిస్తోందో మాత్రం ఆ మనిషే చెప్పాలి. ఆ మాటను విజ్ఞానశాస్త్రం సాక్ష్యంగా తీసుకోవాలని పట్టుబట్టినవారు చిలీ జీవశాస్త్రవేత్త ఫ్రాన్సిస్కో వరేలా.

1946లో పుట్టిన ఆయన 1970లో హార్వర్డ్‌లో డాక్టరేట్ పూర్తి చేసి స్వదేశం చేరారు. జీవకణం తనను తానే నిర్మించుకుంటుందన్న సిద్ధాంతాన్ని గురువు ఉంబెర్తో మతురానాతో కలిసి రూపొందించారు. దానికి కంప్యూటర్ నమూనా కూడా తయారుచేశారు. 1973 సైనిక కుట్రతో దేశం విడవాల్సి వచ్చింది. ప్రవాసంలో టిబెటన్ బౌద్ధ ధ్యానం అలవడింది.

1987లో దలైలామాతో శాస్త్రవేత్తల సంభాషణలు ధర్మశాలలో మొదలవడం వెనక ఆయన కృషి ఉంది. 1996లో పారిస్ నుంచి ‘న్యూరోఫినామినాలజీ’ని ప్రతిపాదించారు. తన అనుభవాన్ని నిశితంగా గమనించే తర్ఫీదు పొందినవారి మాటనూ, మెదడు సంకేతాలనూ ఒకదానితో మరొకటి సరిచూడాలన్నదే దాని సారం. 1999లో ఆయన బృందం మరో విషయం కనుగొంది. నలుపు తెలుపు మచ్చల్లో ముఖాన్ని పోల్చుకున్న క్షణంలో మెదడులోని దూరదూర ప్రాంతాలు ఒకే లయలోకి వస్తున్నాయి.

1998లో ఆయనకు కాలేయ మార్పిడి జరిగింది. మరొకరి అవయవంతో బతకడాన్ని కూడా పరిశోధకుడి చూపుతోనే రాశారు. 2001 మే 28న, 54 ఏళ్లకే కన్నుమూశారు. మనిషి తన అనుభవాన్ని ఎంత కచ్చితంగా చెప్పగలడన్న అభ్యంతరం నేటికీ ఉంది. కానీ ఆ మాటను అడగకుండా చైతన్యాన్ని వివరించడం ఎలాగన్న ఆయన ప్రశ్నా అలాగే నిలిచి ఉంది.