కెన్నెత్ ఆండర్సన్

కెన్నెత్ ఆండర్సన్ (మార్చి 8, 1910 - ఆగష్టు 30, 1974) దక్షిణ భారతదేశానికి చెందిన ప్రముఖ వేటగాడు, రచయిత. మనుషులను చంపుతున్న పులులను, చిరుతపులులను వేటాడి, ఆ అనుభవాలను ఆంగ్లంలో పుస్తకాలుగా వ్రాశాడు. కుమావూఁ కొండలకు జిమ్ కార్బెట్ ఎలాగో దక్షిణాది అడవులకు ఆండర్సన్ అలాగని చెప్పుకుంటారు. తుపాకితో పేరు తెచ్చుకున్నప్పటికీ, క్రూరమృగాల దాడులకు చాలావరకు మనిషి చేష్టలే కారణమని తన రచనలలో చూపినవాడుగా కూడా ఇతడు గుర్తింపు పొందాడు.

బాల్యం, విద్య

ఆండర్సన్ సికింద్రాబాదు సమీపంలోని బొల్లారంలో జన్మించాడు. ఇతని పూర్వీకులు స్కాట్లాండు నుండి వచ్చి కొన్ని తరాలుగా భారతదేశంలో స్థిరపడ్డారు. తండ్రి డగ్లస్ స్టువర్ట్ ఆండర్సన్ సైనిక లెక్కల శాఖలో ఉద్యోగి. వేట మీద ఆసక్తి తండ్రి నుండే సంక్రమించింది. బెంగుళూరులోని బిషప్ కాటన్ పాఠశాలలోను, సెయింట్ జోసెఫ్ కళాశాలలోను చదువుకున్నాడు. న్యాయశాస్త్రం చదవడానికి ఎడింబరో వెళ్ళాడు కాని, ఆ చదువు మధ్యలోనే మానుకొని తిరిగివచ్చాడు.

ఉద్యోగం

తంతి తపాలా శాఖలో సుమారు 15 సంవత్సరాలు పనిచేసి, తరువాత బెంగుళూరులోని విమాన కర్మాగారంలో చేరాడు. వేట ఇతనికి వృత్తి కాదు. సెలవు దినాలలో పాత స్టూడీబేకర్ కారులో అడవులకు వెళ్ళేవాడు. 0.405 విన్‌చెస్టర్ రైఫిలు ఇతని ప్రధాన ఆయుధం. అడవిలో నివసించే పూజారి తెగవాడైన బైరా, వేటలో తోడుండే రంగా ఇతని ఆప్తమిత్రులు. జంతువుల జాడలను చదవడం ఇటువంటి వారి వద్దనే నేర్చుకున్నాడు.

వేట

ప్రభుత్వ లెక్కల ప్రకారం 1939 - 1966 సంవత్సరాల మధ్య ఇతడు 8 నరభక్షక చిరుతపులులను, 7 నరభక్షక పులులను చంపాడు. అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువని చెప్పేవారు కూడా ఉన్నారు.

వీటిలో గుమ్మళాపురం చిరుత ప్రసిద్ధమైనది. ఇది సుమారు 250 చదరపు మైళ్ళ ప్రాంతంలో 42 మందిని బలిగొన్నదని ఆండర్సన్ వ్రాశాడు. దానిని చంపిన తరువాత పరీక్షించగా, ముందు పాదంలో ఏదుపంది ముళ్ళు విరిగి నాటుకొని ఉన్నాయి. సహజమైన వేటకు పనికిరాని స్థితిలో ఆ జంతువు మనుషులకు అలవాటు పడి ఉంటుందని ఇతడు భావించాడు. చంపిన ప్రతి జంతువులోను ఇటువంటి కారణాన్ని వెదకడం ఇతని పద్ధతి. ఏదుపంది ముళ్ళతో పాటు, సరిగా గురిచూడలేని వేటగాళ్ళు చేసిన తుపాకి గాయాలు కూడా అలాంటి కారణాలలో ముఖ్యమైనవి.

తెలుగు ప్రాంతాలలో

ఆండర్సన్ కథలలో తెలుగు నేల తరచుగా కనిపిస్తుంది. చిత్తూరు జిల్లా చామల లోయలో భాకరాపేట, నాగపట్ల, రంగంపేట పరిసరాల పులి గురించి ఒక కథ ఉంది. రేణిగుంటకు ఉత్తరాన రైలుమార్గం మీదనున్న మామండూరు పులి మరొక కథకు వస్తువు. హైదరాబాదు రాజ్యం వైపు నుండి వచ్చిన పులి కథ నల్లమలలో, నంద్యాల - గిద్దలూరు రైలుమార్గం మీది గాజులపల్లి, బసవపురం, చెలమ స్టేషన్ల చుట్టూ నడుస్తుంది. అప్పట్లో ఇవి కర్నూలు జిల్లాలోనివి. రైల్వే కూలీలు, కట్టెలు కొట్టేవారు, పశువుల కాపరులు ఈ కథలలో ప్రధాన పాత్రలు. పులి భయం ఉన్నా పనికి వెళ్ళక తప్పని పేదలే ఎక్కువగా బలయ్యారన్న సంగతి వీటిలో స్పష్టంగా తెలుస్తుంది.

నగరం అంచున

బెంగుళూరుకు కొద్ది మైళ్ళ దూరంలో ఉండిన జాలహళ్ళి గ్రామంలోని చిరుత కథ ప్రత్యేకమైనది. జాలహళ్ళి ఇప్పుడు ఆ నగరంలో కలిసిపోయింది. మేకలకోసం వచ్చిన ఆ చిరుతను జనం చుట్టుముట్టి చంపబోగా, అది తప్పించుకొనే ప్రయత్నంలో ఎదురుతిరిగి మనుషుల మీద పడింది. తినడానికి చంపే మృగానికి, ప్రాణభయంతో ఎదురుతిరిగే మృగానికి తేడా ఉన్నదని ఈ కథ తెలుపుతుంది.

తుపాకి నుండి కెమెరాకు

సరదా కోసం జంతువులను కాల్చడాన్ని ఆండర్సన్ క్రమంగా విడిచిపెట్టి, ఫోటోలు తీయడంపై ఆసక్తి పెంచుకున్నాడు. అడవుల నరికివేతను, దొంగవేటను తన పుస్తకాలలో విమర్శించాడు. అయితే తాను కూడా ఒకప్పుడు వేటను ఆనందించినవాడే. ఈ వైరుధ్యం వల్లనే అతని మాటలకు విలువ పెరిగిందని కొందరు, వేట కథలు ఆకర్షణీయంగా ఉండడం వల్ల ఆ మాటలు మరుగునపడ్డాయని కొందరు అభిప్రాయపడతారు.

రచనలు

* నైన్ మ్యాన్-ఈటర్స్ అండ్ వన్ రోగ్ (1954)
* మ్యాన్-ఈటర్స్ అండ్ జంగిల్ కిల్లర్స్ (1957)
* ది బ్లాక్ పాంథర్ ఆఫ్ శివనిపల్లి (1959)
* ది కాల్ ఆఫ్ ది మ్యాన్-ఈటర్ (1961)
* దిస్ ఈజ్ ది జంగిల్ (1964)
* ది టైగర్ రోర్స్ (1967)
* టేల్స్ ఫ్రమ్ ది ఇండియన్ జంగిల్ (1970)
* జంగిల్స్ లాంగ్ ఎగో (1976, మరణానంతర ప్రచురణ)

మరణం, అనంతర పరిణామాలు

ఆండర్సన్ క్యాన్సరు వ్యాధితో 1974లో మరణించాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1972లో, వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973లో ప్రాజెక్టు టైగర్ మొదలయింది. ఇతడు తిరిగిన నల్లమలలో కొంత భాగం 1983లో నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యంగా ఈ పథకంలో చేరింది. శేషాచలం కొండలలో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 1989లో ఏర్పడింది.

చట్టం వచ్చినా సమస్య తీరలేదు. 2023 ఆగష్టులో తిరుమల అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఒక బాలిక మరణించింది. ఆ తరువాత చిరుతలను బోనులతో పట్టడంతో పాటు, భక్తులను గుంపులుగా పంపడం, కర్రలు ఇవ్వడం, మధ్యాహ్నం తరువాత పిల్లలను నడకదారిలోకి అనుమతించకపోవడం వంటి జాగ్రత్తలు అమలుచేశారు.

కర్నూలు జిల్లా పశ్చిమాన ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు పరిసరాలలో నల్లమల వంటి దట్టమైన అడవి లేదు. అయినప్పటికీ రాతిగుట్టలు, పొదలు చిరుతకు ఆశ్రయం కాగలవు. గొర్రెలు, మేకలు, వీధికుక్కలు ఆహారం కాగలవు. ఇటువంటి చోట మందలను రాత్రి గట్టి దొడ్లలో ఉంచడం, పిల్లలను చీకటిపడ్డాక ఒంటరిగా పంపకపోవడం, చెత్తను పేరుకోనీయకపోవడం ముఖ్యం. అన్నిటికంటే ముఖ్యమైనది, చిరుత కనబడినప్పుడు గుంపులుగా చుట్టుముట్టకుండా అటవీశాఖకు తెలియజేయడం. జాలహళ్ళి కథ చెప్పే పాఠం కూడా ఇదే.