దీపశిల్పి సర్ జోసెఫ్ స్వాన్

విద్యుద్దీపమన్నంతనే అమెరికా దేశీయుడగు ఎడిసను పేరు లోకమునకు స్ఫురించును. ఆ కీర్తికి ఆయన అర్హుడే. కాని అదే కాలమున ఇంగ్లండు ఉత్తరప్రాంతమందలి న్యూకాసిల్ పట్టణమున మందుల వర్తకము సాగించుచు, అదే దీపమును స్వతంత్రముగ సాధించిన మఱియొక మహనీయుడు కలడు. ఆయనయే జోసెఫ్ విల్సన్ స్వాన్. ఒక వస్తువును కనిపెట్టుట వేఱు. దానిని వేలకొలది ఒకే తీరున తయారుచేయుట వేఱు. దానిపై చట్టసమ్మతమగు హక్కు సంపాదించుట వేఱు. ఈ మూడింటికి గల భేదమును స్వాను జీవితము చక్కగా బోధించును.

స్వాను 1828 అక్టోబరు 31వ తేదీన సండర్లాండ్ అను రేవుపట్టణమున జన్మించెను. పెద్దచదువులకు తగిన సంపన్న కుటుంబము కాదు. పదునాలుగేండ్ల ప్రాయమున ఆయన మందుల వర్తకుల యొద్ద పని నేర్చుకొన జేరెను. ఆ రోజులలో ఆ యూర స్టెయిట్ అను నాతడు విద్యుత్తుచే వెలుగు పుట్టించి ప్రదర్శించుట ఈ బాలుని మనస్సున నాటుకొనెను. పిదప న్యూకాసిల్‌లో జాన్ మాసన్ అను వర్తకుని యొద్ద జేరి, క్రమముగ ఆతనికి భాగస్వామియై, దుకాణము వెనుకగది యందే రసాయన పరిశోధనల నారంభించెను.

1860 ప్రాంతమునకే స్వాను కాగితపు పేలికను గాలి సోకకుండ కాల్చి బొగ్గుగా మార్చి, దానిని గాజుపాత్రలో నిలిపి, లోని గాలిని తోడివేసి, విద్యుత్తును ప్రవహింపజేసి వెలిగించెను. వెలుగు నిలువలేదు. నాటి పంపులు గాలిని పూర్తిగా తోడజాలవు. మిగిలిన గాలి బొగ్గును దహించివేయును. విద్యుత్తునకు బ్యాటరీలే గతి. వాని వ్యయము భరింపరానిది. ఊహ సరియైనదే కాని ఉపకరణములు సమకూడలేదు. ఆయన ఆ పనిని ప్రక్కన బెట్టెను.

తరువాతి యేండ్లు దుఃఖభరితములు. 1867లో ఊరి వెలుపల నైట్రోగ్లిసరిన్‌ను పాతిపెట్టించుచుండగా అది ప్రేలి మాసన్ మరణించెను. మఱుసటి సంవత్సరమే స్వాను భార్య ఫ్రాన్సెస్ కాలధర్మము నొందెను. వ్యాపారభారము, బిడ్డల పెంపకము ఆయనపై బడెను. 1871లో ఆమె సోదరి హన్నాను వివాహమాడ దలపగా, మృతభార్య సోదరిని పెండ్లాడుట నాటి ఆంగ్లచట్టమునకు విరుద్ధమగుటచే, స్విట్జర్లాండునకు పోయి వివాహము చేసికొనవలసి వచ్చెను. ఈ కాలముననే ఆయన ఛాయాచిత్రములకు పనికివచ్చు పొడిపలకలను మెఱుగుపఱచెను. 1879లో ఆయన పేటెంటు పొందిన బ్రోమైడు కాగితము తరతరముల ఛాయాచిత్రకారులకు ఉపయోగపడినది.

ఇంతలో 1865లో స్ప్రెంగెల్ పాదరసపు పంపును కల్పించెను. జారిపడు పాదరసపు బిందువులు గాలిని ఈడ్చుకొనిపోవుటచే మున్నెన్నడును సాధ్యముకాని శూన్యము లభించెను. 1875లో క్రూక్స్ పండితుడు ఈ శూన్యముతో చేసిన ప్రయోగములను గూర్చి విని, స్వాను తన పాత దీపమును మరల చేపట్టెను. బర్కెన్‌హెడ్ వాసియగు స్టెర్న్ ఆయనకు సహాయుడయ్యెను. అయినను గాజుబుడ్డి లోపల నల్లబాఱుచుండెను. కారణము స్వానునకు తోచెను: బొగ్గు తనలో గాలిని దాచుకొని యుండి, వేడెక్కినప్పుడు దానిని వెలిబుచ్చును. కనుక బొగ్గు ఎఱ్ఱగా కాలుచుండగనే పంపు నడిపి, ఆ దాగిన గాలిని గూడ తోడివేసిన పిదపనే బుడ్డిని మూయవలెనని ఆయన నిర్ణయించెను. చిన్నవిషయముగ దోచును గాని, దీపము ఆటవస్తువు గాక వాడుకవస్తువగుటకు ఇదియే కీలకము.

1878 డిసెంబరు 18వ తేదీన న్యూకాసిల్ రసాయన సంఘమునకు ఆయన తన దీపమును చూపెను. 1879 ఫిబ్రవరి 3వ తేదీన ఆ పట్టణపు సాహిత్య తత్త్వ సంఘమున సుమారు 700 మంది యెదుట దానిని వెలిగించెను. కాని అప్పుడే పేటెంటునకు దరఖాస్తు చేయలేదు. దీపము యొక్క మూలసూత్రము లోకవిదితమేయని ఆయన తలంపు. ఆ సంవత్సరము నవంబరులో ఎడిసను ఇంగ్లండున గూడ పేటెంటు పొందెను. న్యాయముగ చెప్పవలసినదొకటి కలదు. స్వాను తొలిదీపమందలి బొగ్గు కడ్డీ వలె లావైనది. ఎడిసనుది సన్నని పోగు. సన్నని పోగునకు తక్కువ కరెంటు చాలును గనుక, ఊరంతటికి ఒకే కేంద్రము నుండి పలుచని రాగితీగలతో విద్యుత్తు పంపుటకు అదియే తగినది. ఈ దూరదృష్టి ఎడిసనుదే.

స్వాను త్వరలోనే సన్నని పోగును సాధించెను. నూలుదారమును గంధకామ్లమున ముంచి గట్టిపఱచి, పిదప బొగ్గు చేయు విధానమును 1880లో కనిపెట్టెను. ఆ అక్టోబరు 20వ తేదీన సాహిత్య తత్త్వ సంఘమందిరమున 70 గ్యాసు దీపముల నార్పించి, వానికి మాఱుగ తన 20 దీపములను వెలిగించి చూపెను. డిసెంబరులో ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభువు క్రాగ్‌సైడ్ భవనము, నీటిశక్తిచే పుట్టిన విద్యుత్తుతో, స్వాను దీపములచే ప్రకాశించెను. 1881లో న్యూకాసిల్ చేరువనున్న బెన్‌వెల్‌లో దీపముల కర్మాగారము వెలసెను. ఆ యేడే లండనులో సవాయ్ నాటకశాల దాదాపు 1,200 స్వాను దీపములతో అలరారెను. నాటకశాలాధిపతి వెలుగుచున్న దీపమును పలుచని వస్త్రమున జుట్టి వేదికపై పగులగొట్టి, వస్త్రము కాలలేదని ప్రేక్షకులకు నిరూపించెను. గ్యాసు మంటలచే నాటకశాలలు తగులబడు ఆ దినములలో అది సామాన్య విషయము కాదు.

పేటెంటు వ్యాజ్యము తప్పని స్థితి యేర్పడగా, 1883లో ఇరుపక్షములు కలిసి ఎడిసన్ స్వాన్ కంపెనీగ నేర్పడెను. ఇచ్చటనే విధివైపరీత్యము. ఇతర తయారీదార్ల నడ్డుటకు ఆ కంపెనీ చేతనున్న ఆయుధము ఎడిసను పేటెంటు. స్వాను దీపము అంతకుముందే యున్నదని ఒప్పుకొన్నచో ఆ పేటెంటు చెల్లదు. కావున స్వాను తొలిదీపమున నున్నది కడ్డీయే గాని పోగు కాదని ఆయన కంపెనీ న్యాయవాదులే వాదింపవలసి వచ్చెను. న్యాయస్థానము ఆ వాదము నంగీకరించెను. కంపెనీకి లాభము కలిగెను. ఆ కంపెనీకి పేరిచ్చిన వాని ప్రాథమ్యము మఱుగుపడెను. 1893లో ఆ పేటెంటు గడువు ముగిసిన పిదపనే దీపముల ధర బాగుగ తగ్గి సామాన్యునకు చేరువయ్యెను.

స్వాను మాత్రము పరిశోధన మానలేదు. దారము ఎంత మేలైనదైనను అంతటను ఒకే మందముండదు. సన్నమైనచోట త్వరగా తెగును. కనుక నత్రికామ్లముతో సంస్కరించిన ప్రత్తిని కరగించి, సన్నని రంధ్రము గుండ మద్యసారములోనికి వెలినెట్టి, ఎడతెగని సమమైన పోగు తీయు పద్ధతిని 1883లో కల్పించెను. లోహపుతీగలు వచ్చువఱకు దీపపరిశ్రమకు ఈ త్రోవయే ఆధారమయ్యెను. ఆ పోగునే మఱింత సన్నముగ తీయగా పట్టువలె మెఱసెను. హన్నా దానితో అల్లిన వస్త్రములను 1885లో లండను ప్రదర్శనమున కృత్రిమ పట్టు అను పేర నుంచిరి. దానిని వర్తకము చేయు తలంపు స్వానునకు లేదు. ఆ లాభము ఇతరులకు దక్కెను.

1894లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 1904లో సర్ బిరుదము ఆయనకు లభించెను. తన బొగ్గుపోగు వెనుకబడుటను గూడ ఆయన కన్నులార చూచెను. 1905 నుండి టాంటలము, పిదప టంగ్‌స్టను తీగలు వచ్చెను. పెళుసైన టంగ్‌స్టనును తీగగ సాగదీయు విధానమును కూలిడ్జ్ 1910 నాటికి సాధించెను. బుడ్డిని శూన్యముగ నుంచుటకు మాఱుగ జడవాయువుతో నింపుట మేలని 1913లో లాంగ్‌మూర్ నిరూపించెను. మఱుసటి యేడు, 1914 మే 27వ తేదీన, స్వాను సర్రే మండలమందలి వార్లింగ్‌హామ్‌లో తనువు చాలించెను.

ఆ తీగదీపమునకును కాలము చెల్లినది. ఐరోపా సమాజము 2009 మొదలు 2012 లోపల గృహములకు వాడు తీగబల్బుల విక్రయమును క్రమముగ నిలిపివేసెను. నీలికాంతి ఎల్‌ఇడిని సాధించిన ముగ్గురు శాస్త్రజ్ఞులు 2014లో నోబెల్ బహుమానము నందిరి. నేటి దీపమున కాలు తీగ లేదు, శూన్యము లేదు. అయినను స్వాను జీవితము చెప్పు పాఠము పాతబడలేదు. ఆయన సరియైన ఊహ పదునైదేండ్లకు పైగా మంచి పంపు కొఱకు వేచియుండెను. పంపు వచ్చిన పిదప సమమైన పోగు కొఱకు శ్రమించెను. పరిశ్రమలు కోరు జాతి బుద్ధిమంతులను గౌరవించిన చాలదు. పంపు చేయువానిని, గాజు ఊదువానిని, వేయి వస్తువులను ఒకే కొలతకు తీసికొనివచ్చు పనివానిని గూడ పోషింపవలెను. తాను కనిపెట్టినదానిని సకాలమున చట్టముచే కాపాడుకొనుటయు నేర్వవలెను. ఈ రెండవది స్వాను ఆలస్యముగ నేర్చెను. మొదటిదానిని ఆయన తన చేతులతో చేసి చూపెను.