రోజుకు రెండు పెన్నీలు

సువాలీ బీచ్‌కి మనలో చాలామంది వెళ్ళే ఉంటారు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లీషు ఓడలు అక్కడే లంగరు వేసేవి. ఆ వైపే రాజగరి గ్రామం దగ్గర ఒక పాత సమాధి ఉంది. అది థామస్ కోరియట్ అనే బాటసారిదని చెబుతారు. ఆయన 1617 డిసెంబరులో, క్రిస్మస్ నెలలోనే, మన సూరత్‌లో చనిపోయాడు. నాన్నకో అమ్మకో బదిలీ అయినప్పుడల్లా లారీ నిండా సామాను సర్దుకునే మనం ఆయన కథ తెలుసుకోవాలి. ఎందుకంటే ఆయన దగ్గర సామానే లేదు.

కోరియట్‌ది ఇంగ్లండులోని ఆడ్‌కంబ్ అనే పల్లె. తండ్రి అక్కడి చర్చిలో ఫాదరీ. 1608లో కోరియట్ వెనిస్ నగరం చూసి వచ్చాడు. మొత్తం సుమారు 2,000 మైళ్ళు, చాలా భాగం నడిచే తిరిగాడు. ఇంటికి చేరాక, అరిగిపోయిన ఆ బూట్లను తమ ఊరి చర్చిలో వేలాడదీశాడు. మనవాళ్ళు మొక్కు చెల్లించినట్టన్నమాట. ఇటలీలో చూసిన ఫోర్కుతో తింటున్నాడని ఒక స్నేహితుడు ఆటపట్టించాడట!

1612లో మళ్ళీ బయలుదేరాడు. ఇస్తాంబుల్, జెరూసలేం చూసి, సిరియాలోని అలెప్పో నుంచి పర్షియా మీదుగా 1615లో అజ్మీరు చేరాడు. అలెప్పో నుంచి అజ్మీరుకు పది నెలలు పట్టింది. ఖర్చు మూడు పౌండ్లు. అందులోనూ అర పౌండు దారిలో మోసగాళ్ళ పాలైంది. పౌండుకు 240 పెన్నీలు. చాలా రోజులు ఒక్క పెన్నీతోనే కడుపు నింపుకున్నాడు. 1616లో ఆగ్రా నుంచి తల్లికి రాసిన ఉత్తరంలో, తన దగ్గర పన్నెండు పౌండ్లున్నాయని, రోజుకు రెండు పెన్నీల లెక్కన మూడేళ్ళు తిరగడానికి అవి చాలునని ధైర్యం చెప్పాడు.

ఎక్కడికి వెళ్తే అక్కడి భాష పట్టేవాడు. ఇంగ్లండు రాయబారి సర్ థామస్ రో ఇంట్లో బట్టలుతికే ఆవిడ పొద్దుటినుంచి సాయంత్రం దాకా అందరినీ తిట్టేది. కోరియట్ ఒకరోజు ఆమె భాషలోనే జవాబు చెప్పడం మొదలుపెట్టి, ఉదయం ఎనిమిదికల్లా ఆమె నోరు మూయించాడు. జహంగీరు చక్రవర్తికి పారసీలో ఉపన్యాసమిస్తే కిటికీలోంచి వంద రూపాయలు వచ్చాయి. మన దేశం పరువు తీశావని రో మండిపడ్డాడు.

క్రిస్మస్ సెలవుల ముందు చాలాచోట్ల పాత బట్టలు, పుస్తకాలు పోగుచేసి, అట్టపెట్టె మీద పేదలకు అని రాస్తారు. ఆ మాట చూసినప్పుడల్లా నాకు కోరియట్ గుర్తొస్తాడు. ఆయన తిరుగు ప్రయాణానికి సిద్ధమైనప్పుడు రో అలెప్పోలోని ఇంగ్లీషు అధికారికి ఉత్తరం రాశాడు. ఈయన రాగానే పది పౌండ్లు ఇమ్మన్నాడు. అంత డబ్బు! కానీ అందులోనే ఈయన నిజాయితీపరుడైన పాపం పేదవాడు అని కూడా రాశాడు. డబ్బుకు సంతోషించిన కోరియట్ ఆ మాటకు మాత్రం బాగా నొచ్చుకున్నాడు. తక్కువలో బతకడం ఆయన ఎంచుకున్న పద్ధతి. దాన్ని దీనత్వం అంటే ఒప్పుకోలేకపోయాడు. రో కూడా మంచివాడే, ఉత్తరం మార్చి రాశాడు.

మాండూలో ఒకరోజు కోరియట్ రాతి స్తంభానికి ఆనుకుని స్పృహ తప్పాడు. దారిలో చనిపోతే తన ప్రయాణాల సంగతి ఎవరికీ తెలియదేమోనని భయపడ్డాడు. తోడున్న పాదరీ ఎడ్వర్డ్ టెర్రీకి ఆ భయం చెప్పుకున్నాడు. అయినా ఒంటరిగానే సూరత్ బయలుదేరాడు.

సూరత్ చేరేసరికి విరేచనాలు పట్టుకున్నాయి. ఇక్కడి ఇంగ్లీషు వర్తకులు తమ దేశస్థుణ్ణి చూసి సంబరపడి, ఓడలో వచ్చిన ద్రాక్షసారా ప్రేమగా పోశారు. మామూలుగా మితంగా ఉండే మనిషి, ఆ రోజు వద్దనలేదు. దాంతో జబ్బు ముదిరింది. ఈ సంగతులన్నీ టెర్రీ తర్వాత తన పుస్తకంలో రాశాడు.

అలెప్పోలో ఆ పది పౌండ్లు తీసుకోవడానికి ఎవరూ రాలేదు.